ఏయే పనులకు ఊరు దాటి పోవాలి? తిరుపతి, చిత్తూరు, మన మధ్యస్థ నగరాలు

ఉద్యోగ విరమణకు దగ్గరపడిన మిత్రులు, హైదరాబాదులోనో బెంగళూరులోనో ఏళ్ల తరబడి ఉండి సొంత రాష్ట్రానికి తిరిగి రావాలనుకుంటున్న బంధువులు ఈ మధ్య నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. మరీ పెద్దదీ మరీ చిన్నదీ కాని మన ఊళ్లలో కాపురానికి ఏది అనువైనది? నేను పుట్టి పెరిగింది చిత్తూరు కట్టమంచిలో. బ్యాంకు ఉద్యోగంలో బదిలీల వల్ల నెల్లూరు, కర్నూలు, రాజమహేంద్రవరాల్లో కాపురం పెట్టాం. ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాం. ఈ ప్రశ్నకు ఫోనులో రెండు మాటల్లో జవాబు చెప్పి తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు. ఇల్లు కొనడం, ఊరు మారడం జీవితంలో ఎన్నోసార్లు చేసే పనులు కావు కాబట్టి, నేను చూసినంతలో వివరంగా రాస్తున్నాను.

మన రాష్ట్రానికి సంబంధించి ముందుగా ఒక విషయం గుర్తుంచుకోవాలి. 2014లో హైదరాబాదు తెలంగాణకు పోయాక, ఆంధ్రప్రదేశ్‌లో పది లక్షల జనాభా దాటిన నగరాలుగా విశాఖపట్నం, విజయవాడ మాత్రమే మిగిలాయి. 2011 జనాభా లెక్కల్లో వాటి తర్వాత గుంటూరు, నెల్లూరు, కర్నూలు వస్తాయి. ఆ తర్వాత కడప, రాజమహేంద్రవరం, కాకినాడ, తిరుపతి ఇంచుమించు మూడేసి లక్షల దగ్గర వరుసగా నిలుస్తాయి. తిరుపతి నగర జనాభా అప్పటికి సుమారు 2 లక్షల 87 వేలు. ఆ తర్వాత చుట్టుపక్కల పంచాయతీల్లో వచ్చిన కాలనీలను చూస్తే ఆ అంకె ఎంత పాతబడిందో అర్థమవుతుంది. చిత్తూరు వీటన్నిటికన్నా చిన్నది, అయినా 2012 నుంచి నగరపాలక సంస్థే. రాష్ట్రంలో ఎక్కువమంది పట్టణవాసుల జీవితం గడిచేది ఇలాంటి ఊళ్లలోనే అయినా, పత్రికల్లో చర్చ మాత్రం అమరావతి, విశాఖల చుట్టూనే తిరుగుతుంది.

నివాసయోగ్యత మీద ర్యాంకులు లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వం 2018లో ప్రకటించిన జీవన సౌలభ్య సూచీలో 111 నగరాలకు గాను తిరుపతికి దేశంలో నాలుగో స్థానం వచ్చింది. పుణె, నవీ ముంబయి, ముంబయి మాత్రమే మనకన్నా ముందున్నాయి. ఆ వార్త వచ్చినప్పుడు ఊరంతా సంతోషించింది, నేనూ సంతోషించాను. తర్వాతి విడత ఫలితాలు 2021లో వచ్చినప్పుడు, పది లక్షల లోపు జనాభా గల నగరాల్లో కాకినాడ నాలుగోదిగా, మనకు పొరుగున తమిళనాడులో ఉన్న వేలూరు ఆరోదిగా నిలిచాయి. తిరుపతి పేరు మొదటి పదిలో లేదు. ఇంత తక్కువ కాలంలో ఊరు ఊరంతా మారిపోదు. మారేది కొలిచే పద్ధతి. పైగా స్మార్ట్ సిటీగా ఎంపిక కాని చిత్తూరు వంటి ఊళ్లు ఆ జాబితాలోకే రాలేదు. ర్యాంకు అబద్ధమని నేను అనడం లేదు. వీధి దీపాలు, చెత్త సేకరణ వంటివాటిని అది చక్కగానే కొలుస్తుంది. అయితే ఒక కుటుంబం ఒక ఊళ్లో ఏళ్ల తరబడి ఉండడానికి కావలసిన విషయాలన్నీ అందులో తేలవు.

నా కొలత వేరు. ఈ ఊళ్లో ఉంటే ఏయే పనులకు ఊరు దాటి పోవలసి వస్తుంది, ఎంత దూరం పోవాలి, ఏడాదిలో ఎన్నిసార్లు పోవాలి, పోయినప్పుడు చేతికి ఎంత ఖర్చు తగులుతుంది అని అడుగుతాను. జబ్బు చేస్తే ఎక్కడికి? పిల్లల డిగ్రీ చదువుకు ఎక్కడికి? పెళ్లి బట్టలకు, కంటి ఆపరేషనుకు, ఉద్యోగానికి, ఆఖరికి వేసవిలో నీళ్లకు ఎక్కడికి? మహానగరంలో ఈ ప్రశ్న రాదు, ఎందుకంటే అన్నీ అక్కడే ఉంటాయి. పల్లెలోనూ రాదు, ఎందుకంటే అన్నిటికీ బయటికే పోవాలి. మధ్యస్థ నగరాల మధ్య తేడా తెలిసేది ఈ ప్రశ్న దగ్గరే.

వైద్యంతో మొదలుపెడతాను, ఎందుకంటే మేము తిరుపతికి రావడానికి కారణం అదే. మా అమ్మకు మూత్రపిండాల సమస్య మొదలైనప్పుడు మేము చిత్తూరులో ఉన్నాం. నెలనెలా పరీక్షలు, వాటి ఫలితాలను బట్టి మందుల మార్పు, అప్పుడప్పుడు రాత్రిపూట ఉన్నట్టుండి ఆయాసం. ఇలాంటి జబ్బుకు కావలసింది ఏడాదికొకసారి పోయి చూపించుకునే పెద్ద ఆసుపత్రి కాదు. అర్ధరాత్రి ఆటోలో పావుగంటలో చేరుకోగల ఆసుపత్రి కావాలి. తిరుపతిలో 1993లో మొదలైన స్విమ్స్ అనే సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉంది. 1960లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాలకు అనుబంధంగా రుయా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ఎముకల వైద్యానికి తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే బర్డ్ ఉంది. దానికి తోడు 2021లో పిల్లల గుండె ఆసుపత్రి, 2022లో అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల సాయంతో క్యాన్సర్ ఆసుపత్రి వచ్చాయి. మూడు లక్షల ఊరికి ఇన్ని ఆసుపత్రులు ఉండడం దేశంలోనే అరుదు. కడప నుంచి, నెల్లూరు నుంచి, అనంతపురం నుంచి రోగులు ఇక్కడికి వస్తారు. ఉదయం ఓపీ చీటీల వరుసలో నిలబడితే రాయలసీమ యాస అన్ని రకాలుగానూ వినిపిస్తుంది.

దీన్ని ఇతర నగరాలతో పోల్చి చూడండి. నెల్లూరు తిరుపతికన్నా పెద్ద నగరం, ధనిక నగరం; అయినా అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది 2014లో. గోదావరి గట్టున అంత పాత ఊరైన రాజమహేంద్రవరానికి 2023 దాకా రాలేదు. కర్నూలుకు 1957లోనే, కాకినాడకు 1958లోనే వైద్య కళాశాలలు వచ్చాయి కాబట్టి ఆ రెండు ఊళ్లలో పెద్దాసుపత్రి, దాని చుట్టూ పెరిగిన ప్రైవేటు నర్సింగ్ హోములు, రక్తపరీక్షల ల్యాబులు బలంగా ఉన్నాయి. ఒక ఊళ్లో వైద్య కళాశాల ఎప్పుడు పెట్టారో తెలిస్తే, అక్కడ అనుభవం గల డాక్టర్లు ఎంతమంది స్థిరపడి ఉంటారో చాలావరకు ఊహించవచ్చు. అక్కడ చదివినవాళ్లు అక్కడే ప్రాక్టీసు పెట్టి, వాళ్ల పిల్లలు కూడా అక్కడే డాక్టర్లయ్యే దాకా రెండు తరాలు పడుతుంది. భవనం రెండేళ్లలో లేస్తుంది, ఆ తరాలు లేవవు.

చిత్తూరు విషయం కొంచెం వేరు. జిల్లా ఆసుపత్రి ఉంది, మురకంబట్టులో ప్రైవేటు వైద్య కళాశాల ఉంది. అయినా పెద్ద జబ్బు అనగానే చిత్తూరు వాళ్ల నోట మొదట వచ్చే మాట రాయవేలూరే, అంటే వేలూరే. 1900లో ఒకే పడకతో మొదలైన అక్కడి సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రి మా ఊరికి నలభై కిలోమీటర్ల లోపు దూరంలో ఉంది. బస్సెక్కితే గంటకు కాస్త అటూ ఇటూగా చేరుకోవచ్చు. మా నాన్న తరం వాళ్లందరికీ వేలూరు ఆసుపత్రి సొంత ఊరి ఆసుపత్రి లాంటిదే. అక్కడి డాక్టర్లతో తమిళంలో మాట్లాడడం చిత్తూరు వాళ్లకు కష్టం కాదు. అయితే అది మరో రాష్ట్రం. మన ఆరోగ్యశ్రీ కార్డు ఇక్కడ పనిచేసినంత సులువుగా అక్కడ పనిచేయదు. అక్కడ గది తీసుకుని ఉండాలంటే భోజనాలతో సహా ఖర్చు పెరుగుతుంది. ఒకసారి ఆపరేషను చేయించుకుని వచ్చేయడానికి వేలూరు బాగానే ఉంటుంది. జీవితాంతం సాగే జబ్బుకు ఆ దూరం, ఆ ఖర్చు భారమవుతాయి. చిత్తూరులో సొంత ఇల్లు ఉండి కూడా మేము తిరుపతిలో బాడుగ ఇంటికి మారడానికి కారణం ఇదే.

ఇక నీళ్లు. ఇల్లు వెతికేవాళ్లు అందరూ వెలుతురు చూస్తారు, వాస్తు చూస్తారు, కారు పట్టే చోటు చూస్తారు. మే నెలలో కొళాయిలో నీళ్లు ఎన్ని రోజులకొకసారి వస్తాయో, బోరు ఎన్ని అడుగుల లోతుందో, సంపు ఎన్ని వేల లీటర్లదో అడిగేవాళ్లు తక్కువ. చిత్తూరులో పెరిగినవాళ్లు మాత్రం ముందు అదే అడుగుతారు. మా కట్టమంచి ఇంట్లో వంటింటి గోడ వారగా స్టీలు బిందెలు, స్నానాల గది బయట నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములు, నేల కింద సంపు, మిద్దె మీద సింటెక్స్ ట్యాంకు, అన్నిటికీ వేరువేరు లెక్కలు ఉండేవి. తాగే నీళ్లు, వంట నీళ్లు, గిన్నెలు తోమే నీళ్లు వేరు. కొళాయి వచ్చే రోజున అమ్మ తెల్లవారుజామునే లేచి మోటారు వేసి, పైన ట్యాంకు నిండిన చప్పుడు వినపడే దాకా కూర్చునేది. ఆ రోజు బంధువుల ఇంటికి ప్రయాణం పెట్టుకునేవాళ్లం కాదు. “నీళ్లు ఎప్పుడొచ్చేది తెలిస్తే చాలు పాపా, ఎన్నొచ్చినా సర్దుకుంటాం” అని అమ్మ ఇప్పటికీ అంటుంది. వేసవి ముదిరితే ఆ తెలియడం కూడా ఉండదు, ట్యాంకరు వాళ్ల నంబర్లకు ఫోన్లు చేసుకోవాలి. జిల్లా పడమటి మండలాల్లో బోర్లు వెయ్యి అడుగులు దాటి దించినా నీటి చుక్క పడని చోట్లు ఉన్నాయి. చిత్తూరు ఊరి మధ్యగా పారే నీవా నదిలో వర్షాకాలంలో తప్ప నీళ్లు కనిపించవు.

కర్నూలు దగ్గరి హంద్రీ పేరును, మా ఊరి నీవా పేరును కలిపి పెట్టిన హంద్రీ–నీవా పథకం గురించి నా చిన్నతనం నుంచీ వింటున్నాను. 2025 ఆగస్టులో ఆ కాలువ ద్వారా కృష్ణా నీళ్లు కుప్పం చేరాయి. శ్రీశైలం వెనుక నీళ్లు ఏడువందల కిలోమీటర్లకు పైగా ఎక్కుతూ దిగుతూ అక్కడిదాకా రావడం నిజంగా గొప్ప విషయం, కుప్పం రైతుల ఆనందం నాకూ ఆనందమే. చిత్తూరు నగరంలోని కొళాయికి కూడా అలాంటి నమ్మకమైన ఆధారం దొరికిన రోజున ఈ ఊరి విలువ ఒక్కసారిగా మారిపోతుంది.

తిరుపతి ఈ విషయంలో ఎంతో మెరుగు. 1970లలో చంద్రగిరి దగ్గర కట్టిన కల్యాణి డ్యామ్‌కు తోడు, చెన్నైకి కృష్ణా నీళ్లు తీసుకుపోయే తెలుగుగంగ నుంచి, కండలేరు మీదుగా ఈ ఊరికి కూడా నీళ్లు వస్తాయి. వర్షాలు సరిగా పడని ఏడాది కల్యాణి డ్యామ్ అడుగంటుతుంది కాబట్టి తెలుగుగంగ లేకపోతే ఈ ఊరి గతి ఏమిటో ఊహించుకోవచ్చు. నీటి విషయంలో నిశ్చింతగా ఉన్నది మాత్రం నేను కాపురం చేసిన ఊళ్లలో రెండే. రాజమహేంద్రవరంలో గోదావరి, నెల్లూరులో పెన్న. సోమశిల, కండలేరు జలాశయాలు రెండూ నెల్లూరుకు అండగా ఉన్నాయి. 2022లో నెల్లూరు బ్యారేజీ కూడా పూర్తయింది. నీళ్లు ఎక్కువైనప్పుడు ఏం జరుగుతుందన్నది మరో ప్రశ్న. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలును ముంచిన సంగతి, ఏళ్ల తర్వాత మేము అక్కడికి పోయినప్పుడు కూడా ఇంటి ఓనర్లు గోడ మీద చేయి పెట్టి “ఇక్కడి దాకా” అని చూపించి చెప్పేవాళ్లు. 2021 నవంబరు వర్షాలకు తిరుపతిలో కపిలతీర్థం వైపు నుంచి, కొండ మీది నుంచి దిగిన నీళ్లు పల్లపు కాలనీల్లోకి వచ్చాయి; రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది గ్రామాల వాళ్లు రాత్రంతా భయపడ్డారు. తిరుపతిలో స్థలం కొనేవాళ్లు ఆ చోట ఒకప్పుడు చెరువో వంకో ఉండేదేమో ఆ వీధిలోని పెద్దవాళ్లను అడిగి తెలుసుకోవడం మంచిది. పేరు చివర గుంట, చెరువు ఉన్న కాలనీల్లో ఇంకా జాగ్రత్తగా విచారించాలి.

తిరుపతిలో ఇల్లు వెతుకుతున్నప్పుడు భవానీ నగర్‌లో ఒక పెద్దావిడ ఇంటి పై వాటా చూపించి, బాడుగ, అడ్వాన్సు చెప్పాక, కాస్త మొహమాటంగా ఇంకొక మాట అడిగింది: “కొండకొచ్చే చుట్టాలు ఎక్కువా అమ్మా మీకు? నీళ్లు సరిపోవాల గదా, అందుకే అడగతా ఉండా, ఏమనుకోబాక.” ఈ ప్రశ్న ప్రపంచంలో మరే ఊళ్లోనూ ఇంటి ఓనరు అడగరనుకుంటాను. ఆ ఊరి జీవితం గురించి అంత సూటిగా నాకు ఎవరూ చెప్పలేదు. తిరుపతిలో కాపురం అంటే నెలకు ఒకటి రెండు కుటుంబాలు దర్శనానికి వచ్చి మన ఇంట్లో దిగడం. అర్ధరాత్రి రైలు దిగి వచ్చేవాళ్లకు తలుపు తీయాలి, తెల్లవారుజామున కొండకు బయల్దేరేవాళ్లకు కాఫీ కలిపి ఇవ్వాలి, టోకెన్లు ఎక్కడ ఇస్తున్నారో, ఏ రోజు రద్దీ ఎంత ఉందో ఫోనులో చెబుతూ ఉండాలి. నాకు ఇది ఇష్టమైన బాధ్యతే. కర్నూలులో ఉన్నప్పుడు ఏళ్ల తరబడి చూడని పిన్నమ్మలు, మేనత్తలు ఇక్కడికి వచ్చాక కళ్ల ముందుకు వచ్చారు. అయితే రెండు గదుల ఇల్లు, ఉద్యోగం, పిల్లల పరీక్షలు ఉన్నవాళ్లు ఈ ఊరికి వచ్చే ముందు ఇంట్లో కూర్చుని ఈ సంగతి మాట్లాడుకోవాలి.

ఊరి మీద కూడా ఇదే భారం ఉంది. రోజుకు అరవై, డెబ్బై వేలమంది కొండ మీద దర్శనం చేసుకుంటారంటే, వాళ్లలో ఎక్కువమంది ఈ మూడు లక్షల ఊరి రైల్వే స్టేషనును, బస్టాండును, రోడ్లను వాడుకునే పైకి పోతారు. వాళ్ల వల్లే ఈ ఊరికి ఇన్ని రైళ్లు, ఇన్ని బస్సులు, 2023లో సికింద్రాబాదుకు వందే భారత్ వచ్చాయి. ఆ మాట మరచిపోకూడదు. శ్రీనివాస సేతు వంతెన 2023లో పూర్తయ్యాక బస్టాండు, లీలామహల్ సర్కిళ్ల దగ్గర నలిగిపోయే బాధ చాలా తగ్గింది. అయినా బ్రహ్మోత్సవాల్లో, వైకుంఠ ఏకాదశికి ముందు, వరుస సెలవులు వచ్చినప్పుడు ఊరివాళ్లు పనులు వాయిదా వేసుకుంటారు. 2025 జనవరి 8న బైరాగిపట్టెడలో టోకెన్ల కోసం వచ్చిన జనం మధ్య తొక్కిసలాట జరిగి ఆరుగురు భక్తులు చనిపోయారు. బైరాగిపట్టెడ మామూలు కుటుంబాలు ఉండే పేట. యాత్రికుల సంఖ్యను దృష్టిలో పెట్టుకుని చేసే ఏర్పాట్లలో అక్కడ కాపురం ఉండేవాళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలని ఆ రోజు నుంచి నాకు మరింత గట్టిగా అనిపిస్తోంది.

అందువల్ల తిరుపతిలో ఉండడం అంటే ఏ పేటలో ఉండడం అన్నదే అసలు ప్రశ్న. గోవిందరాజస్వామి గుడి చుట్టూ, గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు పక్క వీధుల్లో ఉంటే అన్నీ చేతికందుతాయి, బండి బయటికి తీయడమే కష్టం. బాలాజీ కాలనీ, ఎస్వీ యూనివర్సిటీ చుట్టుపక్కల ఉంటే గాలి, చెట్లు, ఉదయపు నడక దొరుకుతాయి. శేషాచలం అడవి ఆనుకునే ఉండడం వల్ల ప్రాంగణంలోకి చిరుత వచ్చిందన్న వార్త అప్పుడప్పుడు వస్తుంది, ఆ నాలుగు రోజులూ నడక మానేస్తారు. ఎం.ఆర్.పల్లి, అవిలాల, పేరూరు వైపు కొత్త ఇళ్లు వచ్చాయి, కొనుగోలు ధరలు కూడా అలాగే పెరిగాయి. కరకంబాడి రోడ్డు, మంగళం వైపు ఉంటే రేణిగుంట పరిశ్రమల్లో పనిచేసేవాళ్లకు దగ్గర. బాడుగలు మాత్రం ఎక్కడైనా చిత్తూరుతో పోలిస్తే బాగా ఎక్కువ; చిత్తూరు మిట్టూరులోనో కొంగారెడ్డిపల్లెలోనో రెండు పడక గదుల ఇంటికి ఇచ్చే డబ్బుకు ఇక్కడ ఒక గది, వంటిల్లు దొరకడం కూడా గగనమే.

చదువుల విషయంలో తిరుపతికి పోటీ వచ్చే మధ్యస్థ నగరం ఆంధ్రప్రదేశ్‌లో లేదని నా నమ్మకం. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో మహిళా విశ్వవిద్యాలయం, 2015లో ఐఐటీ, విజ్ఞాన శాస్త్రాల చదువుకు, పరిశోధనకు ఐసర్, వీటికి తోడు సంస్కృత, పశువైద్య విశ్వవిద్యాలయాలు, దేవస్థానం కళాశాలలు. కడప, రాజమహేంద్రవరాలకు 2006లో, నెల్లూరు, కర్నూళ్లకు 2008లో సొంత విశ్వవిద్యాలయాలు వచ్చాయి. జిల్లా కేంద్రమై వందేళ్లు దాటినా చిత్తూరు నగరానికి ఈనాటికీ ప్రభుత్వ విశ్వవిద్యాలయం లేదు. ఆడపిల్లను హాస్టలుకు పంపకుండా ఇంటి నుంచే పీజీ దాకా చదివించుకోవడం అన్నది చాలా కుటుంబాలకు చాలా పెద్ద విషయం. మా బ్యాంకు శాఖలో పనిచేసే అటెండరు గారి అమ్మాయి సైకిలు మీద పోయి మహిళా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసింది. చిత్తూరులో ఉండి ఉంటే డిగ్రీతో ఆపేసేవాళ్లమని ఆయనే చెప్పారు.

ఉద్యోగాల దగ్గరికి వచ్చేసరికి అన్ని ఊళ్లదీ దాదాపు ఒకే కథ. కర్నూలు పిల్లలు హైదరాబాదు పోతారు, నెల్లూరు పిల్లలు చెన్నై పోతారు, రాజమహేంద్రవరం పిల్లలు విశాఖ, హైదరాబాదు పోతారు, చిత్తూరు, తిరుపతి పిల్లలు బెంగళూరు, చెన్నై పోతారు. మన మధ్యస్థ నగరాల్లో సగం పొరుగు రాష్ట్రపు మహానగరానికి ఆనుకుని బతుకుతున్నాయి. తిరుపతిలో దేవస్థానం, ఆసుపత్రులు, విశ్వవిద్యాలయాలు కాక రేణిగుంట ఎలక్ట్రానిక్స్ కంపెనీలు, కాస్త దూరాన తడ దగ్గర శ్రీసిటీ ఉన్నాయి; కంపెనీ బస్సుల్లో యూనిఫారాలతో పోయే పల్లెటూరి ఆడపిల్లలను తెల్లవారుజామున చూస్తే ఈ ఇరవై ఏళ్లలో వచ్చిన మార్పు తెలుస్తుంది. చిత్తూరు బతుకు మామిడి, పాలు, బెల్లం మీద ఆధారపడి ఉంది. జూన్, జులై నెలల్లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నప్పుడు ఊళ్లో డబ్బు తిరుగుతుంది. 2025లో లాగా ధర పడిపోతే బట్టల కొట్ల దాకా ఆ దెబ్బ తగులుతుంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయ్యాక శ్రీకాళహస్తి, సూళ్లూరుపేట వాళ్లకు కలెక్టరేటు దగ్గరైంది, అది న్యాయమే. కానీ చిత్తూరు కలెక్టరేటు చుట్టూ ఉన్న హోటళ్లు, జిరాక్సు కొట్లు, లాడ్జీలకు ఆ మేరకు జనం తగ్గారు.

మిగిలిన ఊళ్ల గురించి క్లుప్తంగా చెబుతాను. నెల్లూరులో బజారు, భోజనం, సినిమా హాళ్లు, వ్యాపారం అన్నీ బాగుంటాయి, మనుషులు కలుపుగోలుగా ఉంటారు. దోమలు, ఊరిని రెండుగా చీల్చే రైలు కట్ట, వాన పడితే నీళ్లు నిలిచే అండర్ బ్రిడ్జీలు అక్కడి కష్టాలు. సాయంత్రాలు గడపడానికి రాజమహేంద్రవరం అంత మంచి ఊరు నేను చూడలేదు. గోదావరి గట్టు, గౌతమీ గ్రంథాలయం, కడియం నర్సరీలు ఉన్న ఊళ్లో ముసలితనం హాయిగా గడుస్తుంది, మే నెల ఉక్కపోతను తట్టుకోగలిగితే. కర్నూలు మండిపోయే ఊరు, అయినా బాడుగలు అందుబాటులో ఉంటాయి, పెద్దాసుపత్రి ఉంది, హైదరాబాదు నాలుగు గంటల దూరం. కాకినాడలో నేను కాపురం చేయలేదు కాబట్టి తీర్పు చెప్పను.

ఇన్ని చెప్పాక కూడా, జబ్బు లేని రోజుల్లో నా మనసు చిత్తూరు వైపే లాగుతుంది. ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు స్కూటరు మీద ఇరవై నిమిషాలు. సముద్ర మట్టానికి మూడు వందల మీటర్ల ఎత్తున ఉండడం వల్ల రాత్రిళ్లు తిరుపతికన్నా చల్లబడతాయి. హైరోడ్డులో కొట్టువాడు మూడు తరాల పేర్లు చెప్పి పలకరిస్తాడు. ఒకే వీధిలో తెలుగు, తమిళం, ఉర్దూ వినిపిస్తాయి, ఎవరికీ అది వింతగా ఉండదు. మేలో నడివీధి గంగమ్మ జాతరకు ఊరంతా బంధువులే. బెంగళూరు, చెన్నై, వేలూరు, తిరుపతి నాలుగూ నాలుగు గంటల లోపు ప్రయాణం. ఆరోగ్యంగా ఉండి, పింఛనుతో బతికేవాళ్లకు, ఇంటి నుంచే కంప్యూటరు పని చేసుకునే పిల్లలకు, బలమైన బోరు ఉన్న ఇల్లు దొరికితే చిత్తూరునే చూడమని చెబుతాను. పెద్ద జబ్బు ఉన్నవాళ్లకు, కాలేజీకి వచ్చిన పిల్లలు ఉన్నవాళ్లకు తిరుపతే చెబుతాను.

ఈ రెండిట్లో ఒకదాన్ని వదులుకోవలసిన అవసరం లేకుండా చేయగలిగింది ఒకటి ఉంది. తిరుపతి నుంచి పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి పోయే 104 కిలోమీటర్ల రైలు మార్గంలో రెండో లైను వేయడానికి 2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 1,332 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. ఇప్పుడున్న ఒంటి లైను మీద ఒక బండి రావాలంటే ఇంకొకటి పక్క స్టేషనులో ఆగాలి, అందువల్ల ఉద్యోగానికి పోయి వచ్చేవాళ్లకు రైలు పనికిరాదు. బస్సులో గంటన్నర, రెండు గంటలు పడుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం కావడంతో రెండు ఊళ్ల మధ్య తిరిగే టీచర్లకు, నర్సులకు ఖర్చు తగ్గింది గానీ అలసట తగ్గలేదు. రెండో లైను పూర్తయ్యాక, ఉదయం ఎనిమిదిన్నర లోపు తిరుపతి చేరి సాయంత్రం ఆరు తర్వాత బయల్దేరే ప్యాసింజర్ బళ్లు, ఎదురు దిశలో కాట్పాడికి అలాంటివే, రోజూ నడపాలి. అప్పుడు చిత్తూరులో కాపురం ఉండి తిరుపతిలో ఉద్యోగమో చదువో చేసుకోవచ్చు, నెలనెలా స్విమ్స్‌లో చూపించుకుని మధ్యాహ్నానికి ఇంటికి చేరుకోవచ్చు. లైను సరుకు రవాణాకే పరిమితం కాకుండా ఈ బళ్ల వేళలు ముందే ఖరారు చేయించుకోవడానికి చిత్తూరు, పాకాల, చంద్రగిరి, తిరుపతి వాళ్లం కలిసి మన ఎంపీలకు, రైల్వే డివిజను అధికారులకు ఇప్పటి నుంచే వినతిపత్రాలు ఇవ్వాలి. నా తరఫున నేను ఒకటి రాసి పెట్టాను. సంతకం చేయాలనుకునేవాళ్లు కింద తెలియజేయండి.